అరిగిన అంచు

రాత్రి రెండింటికి లైన్ ఆపి
మాగ్నెట్ గొట్టాలు బయటికి లాగి
తెల్లగుడ్డతో తుడవడం నా పని.
కింగరాయ్‌లో ఏప్రిల్ నెల. పల్లీల లారీలు
ఎర్రమట్టి చక్రాలతో గేటు బయట బారులు తీరి ఉంటాయి.
గుడ్డకి అంటేది మామూలుగా
పొలం నుంచి వచ్చిన మేకు ముక్కో, వాషర్ తునకో,
నాగలి రాల్చుకున్న తుప్పో.

ఆ రాత్రి బూడిదరంగు నలుసులు,
గొట్టం మీద మీసంలా నిక్కబొడుచుకుని.
తుప్పు లేదు. మెరుస్తున్నాయి.
మెరిసేది స్టీలు. మా స్టీలు మాగ్నెట్‌కి అంటదు.
అంటింది.

పొద్దున్నే గ్లెనిస్ ఫైలు తెరిచింది.
"ఈ స్క్రూ దిగినప్పుడు పరీక్ష చేసిందెవరు?"
నా సంతకమే. రెండేళ్ల కిందటిది.
'మాగ్నెట్ అంటలేదు. సరుకు సరైనదే.'
"నీకు కల్తీ స్టీలు అంటగట్టారు," అంది.
నేనేం మాట్లాడలేదు. ఇంటికెళ్లి
ఫ్రిజ్ మీది కొవాలా బొమ్మ పీక్కొచ్చాను.
ఆనాడు పరీక్షించింది దాంతోనే.
సాక్షి మారకూడదు కదా.

నెవిల్ బోల్టులు విప్పి మూత లేపాడు.
వేలుకి గ్రీజు, చెవి మీద పెన్సిలు, నోట మాట తక్కువ.
కొవాలాని ఇరుసు మీద పెట్టాడు: జారింది.
మర మధ్యలో పెట్టాడు: జారింది.
అంచున పెట్టాడు,
పల్లీ, పొట్టు, మట్టి, తొట్టి గోడ
రోజుకి పదహారు గంటలు ఒరుసుకునే చోట.
పట్టుకుంది.
గట్టిగా కాదు. నిద్రలో పిల్లాడు
చొక్కా పట్టుకున్నంత.

ఇనుముకి మామూలుగా మాగ్నెట్ అంటే ప్రాణం.
పేరులోనే ఉంది: అయస్కాంతం, ఇనుముకి కాంత.
దాన్లో క్రోమియమూ నికెలూ కలిపి పోస్తే
అణువులు ఒద్దికగా సర్దుకుంటాయి,
పెట్టె మూలమూలకీ ఒకటి, ముఖం ముఖానికీ ఒకటి,
నడుమ ఖాళీ.
కాంత ఎదురొచ్చినా కన్నెత్తవు.
చల్లారాక నిలవాల్సిన ఒద్దిక కాదట అది.
నికెల్ బతిమాలితే నిలిచింది.
గీకండి, వంచండి, రోజూ నూకండి,
వరస మీద వరస పక్కకి జరిగి
ఒకటొచ్చి నట్టనడుమ కూర్చుంటుంది.
కొత్తగా ఎవరూ చేరలేదు, ఎవరూ లేచిపోలేదు.
కూర్చున్న తీరు మారింది,
కాంత గుర్తొచ్చింది.

అరిగితేనే గంధం అని ఎవరో ఒకరు అనబోతారు.
వద్దు. ఇది పల్లీల ఫ్యాక్టరీ.
ఇక్కడ అరిగితే నలుసులొస్తాయి,
నలుసులు వెన్న సీసాల్లోకి పోతాయి,
సీసాలు బడికెళ్లే పిల్లల రొట్టెల మీదికి.
కాకపోతే ఒక్క సంగతి:
ఏ ఒరిపిడి వాటిని రాల్చిందో
ఆ ఒరిపిడే వాటిని పట్టిచ్చింది.
అరక్కుండా విరిగిన ముక్కైతే
నా గొట్టాల పక్కనుంచి నవ్వుకుంటూ వెళ్లిపోయేది.

గ్లెనిస్ చాలాసేపు కొవాలా వైపు చూసింది.
"అయితే నీ సంతకం తప్పు కాదన్నమాట."
"కాదు. ఆ రోజుకి నిజం."

ఎర్రగా కాల్చి చల్లారిస్తే
మళ్లీ పాత ఒద్దికకే వస్తుందని నేనన్నాను,
ఎక్కడో చదివిన ఉత్సాహంలో.
నెవిల్ బొటనవేలితో అంచు తడిమాడు.
కాగితం మందాన ఉంది.
"మర్చిపోతుంది సరే," అన్నాడు,
"అరిగింది పెరగదుగా."

టూవూంబా నుంచి కొత్త స్క్రూ వస్తోంది.
పాతది షెడ్డు వెనక గోడకి జారగిలబడింది.
రిజిస్టర్లో నేనో కొత్త గడి గీశాను,
'మళ్లీ ఎప్పుడు చూశారు?' అని.
నెలకొకసారి నింపాలి. గ్లెనిస్ గొణిగింది గాని ఒప్పుకుంది.

సాక్షి ఇంకా ఆ అంచునే వేలాడుతోంది,
తీసుకురావడం మర్చిపోయాను.
ఇంట్లో కరెంటు బిల్లు
ఫ్రిజ్ కింద నేలమీద పడి ఉంది.